భద్రాచలంలో బస ఎక్కడ?

మాది ఖమ్మం అని తెలిస్తే చాలు, ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు: "భద్రాచలం వెళ్తున్నాం, ఎక్కడ దిగితే బాగుంటుంది?" శ్రీరామనవమి దగ్గరపడేకొద్దీ ఇలాంటి ఫోన్లు ఎక్కువవుతాయి. రెండు లాడ్జీల పేర్లు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఊళ్ళో మనకి మంచం ఎక్కడ దొరుకుతుంది అన్నదాన్ని పట్టుకుని వెనక్కి పోతే గోదావరి, సరిహద్దులు, కులం, అడవి చట్టాలు అన్నీ తగుల్తాయి. అందుకే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక పట్టాలి మరి.

ముందు కొత్తవాళ్ళకి ఒక హెచ్చరిక. రైలు టికెట్ బుక్ చేస్తుంటే "భద్రాచలం రోడ్" అని ఒక స్టేషన్ కనబడుతుంది. అది భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కణ్ణుంచి గుడికి సుమారు 40 కిలోమీటర్లు. పేరులో "రోడ్" అంటే "ఇక్కడ దిగి ఆ ఊరి దారి పట్టండి" అని. డోర్నకల్ నుంచి వచ్చే ఆ బ్రాంచి లైను బతికింది ముఖ్యంగా సింగరేణి బొగ్గు మీద. భక్తుల కోసం అది గోదావరి గట్టు దాకా పోలేదు. కాబట్టి హోటల్ వెతికేటప్పుడు మ్యాపు ఒకసారి చూసుకోండి, లేకపోతే స్టేషన్ పక్కన గది తీసుకుని "గుడి ఎటు?" అని అడగాల్సొస్తుంది :-)

సరే, చరిత్రకొద్దాం. స్థలపురాణం ప్రకారం ఆ కొండమీద రాముడి విగ్రహాన్ని మొదట చూసింది పోకల దమ్మక్క. ఆవిడ అడవిబిడ్డ. పుట్టలో దొరికిన మూర్తికి తాటాకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని చెబుతారు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న రాతిగుడి కట్టించడం, సర్కారు సొమ్ము వాడినందుకు తానీషా గోల్కొండలో ఖైదు చెయ్యడం, ఆయన రామదాసు కావడం మనందరికీ తెలిసిన కథ. 1687లో గోల్కొండే మొగలుల చేతికి పోయింది. నాకు ఈ కథలో గుర్తుండిపోయేది దమ్మక్క పందిరి. భద్రాచలంలో రాముడంతటివాడికి మొదటి బస ఇచ్చింది ఒక అడవి మనిషి. ఈ విషయం దగ్గరికి మళ్ళీ వస్తాను.

గోపన్న తర్వాతి కాలంలో జనం అక్కడికి ఎలా వెళ్ళేవారు, ఎక్కడ పడుకునేవారు? దీనికి జవాబు మీరు గోదావరికి ఏ గట్టున ఉన్నారన్న దాన్నిబట్టి ఉండేది. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టునున్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలని బ్రిటిష్ వాళ్ళకి వదిలేశాడు. అప్పట్లో కాటన్ దొర ఆలోచన ప్రకారం గోదావరిని పైదాకా పడవల దారిగా మార్చాలని పనులు నడుస్తున్నాయి, దుమ్ముగూడెం ఆనకట్ట అప్పటిదే. 1871లో ఆ పడవదారి పథకం మూలపడింది కానీ గీసిన గీత మాత్రం ఉండిపోయింది. ఆ తాలూకాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి వచ్చాయి, తర్వాత తూర్పుగోదావరి జిల్లాలో కలిశాయి. అంటే బూర్గంపాడు వైపు నిజాం రాజ్యం, నదికి అవతల గుడి ఉన్న వైపు మద్రాసు రాజ్యం. ఖమ్మం నుంచి రాముణ్ణి చూడాలంటే ఒక నదినీ, ఒక రాజ్యం సరిహద్దునీ దాటాలి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. దాదాపు వందేళ్ళపాటు మాకు పక్కనే కనిపించే కొండ పరాయి పాలనలో ఉందన్నమాట.

మరి ఆ వందేళ్ళూ ఆ గుడికి రాజమార్గం ఏది? నీళ్ళే. రాజమండ్రి నుంచి పాపికొండల మధ్యగా లాంచీలో రావడం. బాపు-రమణల "అందాల రాముడు" (1973) సినిమా మొత్తం ఈ ప్రయాణం మీదే కదా. ఆ దారిన వచ్చేవాళ్ళకి పడవే సగం బస. పడవలోనే వంట, అక్కడే నిద్ర. అంత కష్టపడి వచ్చినవాళ్ళు దర్శనం చేసుకుని సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోరు, నాలుగు రోజులు ఉంటారు. ఉండాలంటే తలమీద కప్పు, కడుపుకి ముద్ద కావాలి. సత్రాలు పుట్టింది ఈ అవసరంలోంచే.

1965లో గోదావరి మీద బ్రిడ్జి తయారైంది. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఖమ్మం, హైదరాబాదు, వరంగల్ బస్సులు నేరుగా గుడి ఉన్న ఊళ్ళోకి రావడం మొదలయ్యాక భద్రాచలం "వెళ్ళి ఉండే" ఊరు కాస్తా "వెళ్ళొచ్చే" ఊరైంది. మా ఇళ్ళల్లో ఇప్పటికీ అంతే. పొద్దున బస్సెక్కడం, దర్శనం, పులిహోర, రాత్రికి ఇల్లు. ఇప్పుడు పాత బ్రిడ్జి పక్కనే రెండోది కూడా వచ్చింది. ప్రయాణం సుఖమైంది, సంతోషమే. కానీ ఒక రాత్రైనా ఉండనివాడికి గోదావరి ఇసుకమీద తెల్లవారడం ఎలా ఉంటుందో తెలీదు.

ఇక సత్రాల సంగతి. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి వెళ్తూ రాసుకున్న యాత్రాచరిత్ర చదివితే, ప్రతి మజిలీలోనూ దిగడానికి జాగా ఉందా, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా అనే లెక్క కనిపిస్తుంది. అప్పటి రివ్యూ సైటు అనుకోండి. ఆ కాలంలో జమీందార్లు, షావుకార్లు పుణ్యం కోసం సత్రాలు కట్టించేవాళ్ళు. తర్వాత కులసంఘాలు ఆ పని అందుకున్నాయి. శ్రీశైలం వెళ్తే బ్రాహ్మణ, ఆర్యవైశ్య, రెడ్డి, వెలమ, కమ్మ సత్రాలు వరసగా కనిపిస్తాయి. భద్రాచలంలోనూ అదే పద్ధతి, కొంచెం చిన్న ఎత్తులో.

వీటిని తేలిగ్గా తిట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. తక్కువ డబ్బుకి శుభ్రమైన గది, వేళకి భోజనం, ముసలివాళ్ళతో వెళ్తే ఒక ధైర్యం ఇవన్నీ ఈ సత్రాలు ఇచ్చాయి. హోటళ్ళు లేని రోజుల్లో ముక్కూమొహం తెలియని ఊళ్ళో "మనవాళ్ళు" ఉన్నారన్న భరోసా చిన్నది కాదు. కానీ నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. ఒకసారి స్నేహితులతో వెళ్ళి ఒక సత్రంలో గది అడిగితే, ఆధార్ కార్డు కంటే ముందు ఇంటిపేరు అడిగారు. మా నలుగురిలో ఒకడి ఇంటిపేరు సరిపోయింది, మిగతా ముగ్గురివీ సరిపోలేదు. అడిగినాయన మర్యాదగానే అడిగాడు, మర్యాదగానే లేదన్నాడు. ఏ హోటల్ యాప్‌లోనూ కనబడని ఫిల్టర్ అది. కులం పేరుతో కట్టిన కప్పు కింద చోటు దొరికేది ఆ కులానికి సంఘం, చందాలిచ్చే స్తోమత ఉన్నప్పుడే. స్తోమత లేని కులాల భక్తులు ఇన్నేళ్ళూ ఎక్కడ పడుకున్నారు? గుడి మండపాల్లో, చెట్లకింద, గోదావరి ఇసుకలో.

ఇది మన జాడ్యం ఒక్కటే అనుకోకండి. జపాన్‌లో కోయసాన్ అనే కొండమీద 816లో కూకై అనే సన్యాసి మొదలుపెట్టిన మఠాల ఊరు ఉంది. అక్కడ ఇప్పటికీ సుమారు 50 ఆలయాలు యాత్రికులకి గదులిస్తాయి, వాటిని షుకుబో అంటారు. పాతరోజుల్లో ఒక్కో ప్రాంతపు ప్రభువుకి ఒక్కో ఆలయంతో ఒప్పందం ఉండేది, ఆ ప్రాంతపు జనం వెళ్తే ఆ ఆలయంలోనే దిగాలి. ఆడవాళ్ళకైతే కొండమీదికి ప్రవేశమే లేదు. 1872లో జపాన్ ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. ఇవాళ ఏ దేశంవాడైనా, ఆడైనా మగైనా డబ్బుకట్టి అక్కడ పడుకోవచ్చు, పొద్దున్నే పూజలో కూర్చోవచ్చు. గుడి పక్కన బస ఎవరికి అన్నది ఎక్కడైనా మార్చుకోగలిగిన నియమమే అని చెప్పడానికే ఈ ఉదాహరణ.

"అయితే ప్రైవేటు లాడ్జీలున్నాయిగా?" అంటారు. ఉన్నాయి. కానీ తిరుపతిలోలాగా వీధికి పది లేచిపోలేదు. దానికి నాకు కనిపించే కారణం ఇది. భద్రాచలం షెడ్యూల్డ్ ఏరియా. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనల్ని 1970లో గట్టిగా సవరించారు, అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది దాన్నే. దాని ప్రకారం అక్కడ స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి బదిలీ కావడం చెల్లదు, ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి కూడా. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. అడవి ప్రాంతంలో కోయవాళ్ళ భూమి అప్పుకింద, సారాకింద పోకుండా ఆపడానికి చేసిన చట్టం అది. న్యాయమైన చట్టమే. అయినా పట్టణంలో కట్టడాలు పెరుగుతూనే వచ్చాయి, అనుమతులు ఉన్నవీ లేనివీ. 2025 మార్చిలో ఊళ్ళో కడుతున్న బహుళ అంతస్తుల భవనం ఒకటి కూలి ప్రాణాలు పోయాయి. అందుకని కొత్తగా మెరుస్తున్న లాడ్జి చూసి మురిసిపోయే ముందు అది ఎవరి నేల, ఎలా లేచింది అని ఒక్క క్షణం ఆలోచించడంలో తప్పులేదు.

పోనీ దేవస్థానమే గదులు పెంచొచ్చు కదా? అక్కడ కొత్త సరిహద్దు అడ్డం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకి మిగిలింది. జటాయువు పాక అని చెప్పే ఎటపాక ఊరి చివరే ఉంటుంది, కానీ అది ఇప్పుడు వేరే రాష్ట్రం. పురుషోత్తపట్నంలో ఆలయానికి వందల ఎకరాల భూమి ఉంది, అదీ వేరే రాష్ట్రంలోనే. 2025 జులైలో అక్కడి ఆక్రమణల్ని అడ్డుకోవడానికి వెళ్ళిన ఆలయ ఈఓ మీద దాడి జరిగింది కూడా. 1860లో గీత నదిమీద పడింది, 2014లో ఊరికి రెండోపక్క పడింది. రెండుసార్లూ రాముణ్ణి గానీ, భక్తుల్ని గానీ ఎవరూ అడగలేదు.

చివరగా వరద. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 2022లో బ్రిడ్జిమీద రాకపోకలే ఆపేశారు. కరకట్ట ఊరిని కాపాడుతుంది కానీ, వరదప్పుడు లోపలి నీళ్ళు బయటికి పోలేక గుడి చుట్టుపక్కల పల్లపు వీధుల్లో నిలుస్తాయి. జులై నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళేవాళ్ళు నీటిమట్టం వార్త చూసుకుని, కాస్త మెరక వీధిలో గది తీసుకోవడం మంచిది.

ఇంతా చెప్పి నా సలహా ఏమిటంటారా? మొదట దేవస్థానం గదులకి ప్రయత్నించండి, ఆన్‌లైన్‌లోనూ బుక్ చేసుకోవచ్చు. అక్కడ ఇంటిపేరు అడగరు. దొరక్కపోతే పర్యాటక శాఖ హరిత హోటల్, అదీ కాకపోతే మామూలు లాడ్జి. మీ కులసత్రంలో చోటుంటే దిగండి, నేనేమీ అనను. కానీ ఆ సంఘంలో మీ మాట చెల్లేటట్టయితే, ఖాళీగా ఉన్న రోజుల్లో అందరికీ గదులివ్వమని ఒక్కమాట అనండి. నవమికీ ముక్కోటికీ అయితే నిండిపోతాయి, పాల్వంచలోనో కొత్తగూడెంలోనో ఉండి రావడమే నయం. ఎక్కడున్నా సరే ఒక రాత్రి ఉండండి. మర్నాడు ఐటీడీఏ ఆవరణలో ఉన్న గిరిజన మ్యూజియం చూసి, 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్ణశాలకి వెళ్ళి రావచ్చు.

నవమికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల వైపునుంచి నడిచి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళు చలువపందిళ్ళ కింద, గోదావరి గట్టున పడుకుంటారు. ఊళ్ళో సత్రాల బోర్డులు చదువుకుంటూ నడిస్తే వాళ్ళ పేరున్నది నాకొక్కటీ కనబడలేదు. దమ్మక్క పందిరితో మొదలైన ఊరు అది. దేవస్థానం ఈసారి కొత్త గదులు కడితే, మొదటి వరస ఆ నడిచొచ్చేవాళ్ళ పేరున, ఉచితంగా ఉండాలని నా కోరిక. అది చెయ్యడానికి అడ్డొచ్చే చట్టం గానీ, సరిహద్దు గానీ లేదు.