కంటె మచ్చ నుంచి సీరం బుడ్డి దాకా

మొన్న దసరా సెలవులకు మా అమ్మాయి హాస్టల్ నుంచి వస్తూ వస్తూ ఫోన్‌లో ఒక లిస్టు రాసుకొచ్చింది. ఒక సీరం 649 రూపాయలు, ఒక సన్‌స్క్రీన్ 599 రూపాయలు. రెండూ నా కోసమే. చెంపల మీద మంగు వచ్చి నాకు పదేళ్లు దాటింది. పిల్లకి నా మీద ప్రేమే, కాదనను. కానీ రెండూ కలిపితే 1248. మా ఇంట్లో రోజూ లీటరు పాలు పోయించుకుంటాం, అంటే ఇరవై రోజుల పాల డబ్బు. చేతిలో ఫోన్ పట్టుకుని నేను మనసులో పాల లెక్కే వేస్తున్నాను.

"ఇందులో ఏముందే?" అని అడిగాను.

"నయాసినమైడ్ అమ్మా. అంటే విటమిన్ బీ3."

పక్కన మంచం మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తింది. "విటమినా? మొఖానికి పూస్తరా? మా ఊళ్ళ అయితే అది మింగనీకి ఇచ్చిండ్రు" అంది.

మా అత్తమ్మ పుట్టిల్లు నారాయణపేట వైపు పల్లె. ఆమె చిన్నతనంలో వాళ్ళ పొలానికి కూలికి వచ్చే ఒకామెకు ప్రతి ఎండాకాలం చేతులు, పాదాలు నల్లగా మాడిపోయి పొలుసులు లేచేవట. మెడ చుట్టూ సరిగ్గా కంటె పెట్టుకున్నట్టు నల్లటి పట్టీ వచ్చేదట. చీర కప్పిన చోట ఒళ్ళు మామూలుగానే ఉండేది. తిండి సహించేది కాదు, కడుపు నిలిచేది కాదు, చివరికి మాటలో కూడా తేడా వచ్చింది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. ఆఖరికి ఎవరో పాలమూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే గోళీలు ఇచ్చి, పాలు, పల్లీలు, పప్పు తినమని చెప్పారట. కొన్ని వారాలకు కొత్త తోలు వచ్చింది. "ఆమె తినేదంత జొన్న గటకనే బిడ్డా. పొద్దుగాల గటక, రాత్రి గటక. పప్పు ఎక్కడిది?" అంది అత్తమ్మ.

ఆ సంగతి నా మనసులో నుంచి పోలేదు. తీరిక దొరికినప్పుడల్లా దాని గురించి చదువుతూ కూర్చున్నాను. సీరం కొనాలా వద్దా అన్న చిన్న ప్రశ్న నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది.

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. ఇటలీ మాట, గరుకు చర్మం అని అర్థం. దాన్ని మొదట వివరంగా రాసింది స్పెయిన్ దేశంలోని అస్తూరియాస్ ప్రాంతంలో ఉండే గాస్పర్ కసాల్ అనే వైద్యుడు. 1735లో చూశాడు, ఆయన పోయాక 1762లో ఆ రాతలు అచ్చయ్యాయి. మొక్కజొన్న తప్ప ఇంకేమీ దొరకని పేద రైతుల్లో ఆ జబ్బు కనిపించిందని ఆయన గమనించాడు. రోగుల మెడ చుట్టూ వచ్చే ఆ నల్లటి పట్టీకి వైద్యపుస్తకాల్లో ఈనాటికీ కసాల్ హారం అనే పేరుంది. మా అత్తమ్మ ఏ పుస్తకం చదవకుండానే దాన్ని కంటె అంది. నాకైతే కంటె అనే మాటే బాగా కుదిరిందనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ జబ్బు వేలమందిని పొట్టన పెట్టుకుంది. అంటురోగం అనుకున్నారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ణి పంపింది. అనాథాశ్రమాల్లో పిల్లలకు జబ్బు వస్తోంది, వాళ్ళ మధ్యే తిరిగే సిబ్బందికి రావడం లేదు. అంటే అంటురోగం కాదు, తిండిలో ఉంది లోపం అని ఆయన పట్టుకున్నాడు. పాలు, మాంసం, గుడ్లు పెడితే పిల్లలు కోలుకున్నారు. అయినా నమ్మని పెద్దలు చాలామంది. అప్పుడాయన 1916లో ఎవరూ చేయని పని చేశాడు. రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళలో ఒకే ఒక్క ఆడమనిషి ఉంది. ఆమె ఆయన భార్య మేరీ. రోగి రక్తాన్ని ఆమె కూడా ఎక్కించుకుంది. ఎవరికీ జబ్బు రాలేదు. ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని ఆ తల్లి ఎంత ధైర్యం చేసింది!

తిండిలో లోపించినది ఏమిటో తెలియకుండానే గోల్డ్‌బెర్గర్ 1929లో కన్నుమూశాడు. 1937లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వేయెమ్ దాన్ని కనిపెట్టాడు. అదే నికోటినిక్ ఆమ్లం. కాలేయం నుంచి ఆయన వేరు చేసిన రూపం నికోటినమైడ్. పేరు వింటే పొగాకు గుర్తొస్తోందని జనం కంగారు పడకుండా తర్వాత నయాసిన్, నయాసినమైడ్ అని పేరు మార్చారు. మా అమ్మాయి లిస్టులో ఉన్నది ఇదే.

మన దగ్గరికి వస్తే, ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. దక్కన్ పీఠభూమిలో జొన్న తినే పేదల్లో ఈ జబ్బు ఎందుకొస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య పరిశోధించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండి, ఒంట్లో ఈ విటమిన్ తయారీకి అడ్డుపడుతుందని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఇది విని మీ జొన్నరొట్టెలు మానేయకండి. రొట్టెతో పప్పు, పెరుగు, కూర ఉన్న మన ఇళ్ళకు ఆ భయం లేదు. ఆ కూలీ ఆమె పాపం జొన్నది కాదు, జొన్న తప్ప ఇంకేమీ లేని పేదరికానిది.

అంటే ఏమిటన్నమాట? ఈ విటమిన్ లేకపోతే ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడిపోతుంది. చర్మానికీ ఎండకీ దీనికీ ఉన్న సంబంధం ప్రకటనల వాళ్ళు పుట్టించింది కాదు. ఆకలి నుంచి తెలిసింది.

ఆ తర్వాత కథ మనందరికీ తెలిసిందే. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఆ రంగును పై కణాలకు అందిస్తాయి. నయాసినమైడ్ ఆ అందించడాన్ని కాస్త తగ్గిస్తుంది. ఆ గుణం చూసే 1975లో హిందూస్థాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. పేదల ప్రాణం నిలబెట్టిన మందు, పెళ్ళిచూపుల కోసం తెల్లబడే క్రీము అయింది. ఇంటర్ చదివే రోజుల్లో ఆ ట్యూబు మా ఇంట్లో కూడా ఉండేది, అమ్మ దాన్ని చివరి వరకు నొక్కి నొక్కి నాకే పూసేది. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. ఇప్పుడదే పదార్థం చుక్కల మూతతో గాజు బుడ్డీలో సీరం అయి వచ్చింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. రెండో కాన్పు తర్వాత మంగు వచ్చినప్పుడు నేను డాక్టరు దగ్గరికి పోలేదు. వీధి చివర మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. నెలకల్లా ముఖం అద్దంలా మెరిసింది. అందరూ అడుగుతుంటే గర్వంగా పేరు చెప్పాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆరు నెలలకు చర్మం పలచబడి, వంటింటి సెగకే మంట పుట్టేది. ఆపితే ముఖం ఎర్రగా ఉబ్బేది. మంగు మునుపటికంటే ఎక్కువైంది. అందులో ఉన్నది స్టిరాయిడ్ అని చర్మవైద్యురాలు చెప్పేదాకా తెలియదు. 2018లో ఇలాంటి పూతలు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అయినా పేరులో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని కనిపిస్తే డాక్టరు చెప్పకుండా ముఖానికి ముట్టించకండి. చవక అని నేను కొన్నవాటిలో అంత ఖరీదు పడింది మరొకటి లేదు.

ఆ డాక్టరమ్మే నాకు ఇంకో మాట చెప్పింది. "సీరాలు తర్వాతమ్మా. ఎండ ఆపకుండా మంగుకి ఏది పూసినా, చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే" అని.

సన్‌స్క్రీన్ చరిత్ర చదువుతుంటే నాకు మన ప్రవరుడు గుర్తొచ్చాడు. బి.ఏ.లో మనుచరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. సిద్ధుడిచ్చిన లేపనం పాదాలకు పూసుకుని హిమాలయాలకు పోతాడు. ఎండకు మంచు కరిగి, ఆ నీళ్ళకు లేపనం కరిగిపోయి, ఇంటికి తిరిగి రాలేక చిక్కుకుంటాడు. పాశ్చాత్యుల కథలోనూ మంచుకొండే ఉంది. 1938లో ఫ్రాంజ్ గ్రైటర్ అనే విద్యార్థి ఆల్ప్స్‌లోని పిజ్ బుయిన్ శిఖరం ఎక్కుతూ ఎండకు మాడిపోయాడు. 1946లో ఎండకు అడ్డుపడే క్రీము అమ్మకానికి పెట్టాడు. ఎస్‌పీఎఫ్ అనే లెక్కను వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. ప్రవరుడి దగ్గర రెండోసారి పూసుకోవడానికి లేపనం లేదు. మనకు ఉంది, కానీ మనం పూసుకోం.

ఎస్‌పీఎఫ్ అంటే చర్మం కమలకుండా ఎంత ఆపుతుందన్న లెక్క. 30 అంటే కమిలించే కిరణాల్లో ముప్పయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తుంది, అంటే 97 శాతం దాకా ఆగినట్టే. 50 అయితే 98 శాతం. తేడా ఒక్క శాతమే. కానీ ఆ పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. మనం బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా లాగుతాం. అప్పుడు డబ్బా మీది అంకె డబ్బా మీదే ఉంటుంది. చూపుడువేలు, నడివేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. అది సుమారు ఒక గ్రాము.

పీఏ పక్కన ప్లస్సులు ఉంటాయి చూడండి. అది 1996లో జపాన్‌లో పుట్టిన లెక్క. కిటికీ అద్దం లోంచి కూడా వచ్చి, మచ్చలూ ముడతలూ తెచ్చే కిరణాలకు అది గుర్తు. మూడు ప్లస్సులైనా ఉండాలి. మంగు ఉన్నవాళ్ళకు మామూలు వెలుతురు కూడా పడదు కాబట్టి కొద్దిగా రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు. అందులో ఉండేది ఐరన్ ఆక్సైడ్, మనం అరుగుల అంచులకు పూసే ఎర్రటి కావి జాతిదే.

ఇక ఇల్లాలి లెక్కకు వద్దాం. రోజుకొకసారి గ్రాము చొప్పున 50 గ్రాముల ట్యూబు యాభై రోజులు వస్తుంది. మధ్యాహ్నం ఆరుబయట పని ఉండి రెండోసారి పూస్తే ఇరవై అయిదు రోజులే. 599 రూపాయలది కొంటే పూతకు పన్నెండు రూపాయలు. అంత పెట్టి కొన్నది అయిపోతుందని బఠాణీ గింజంతే పూస్తాం, అది నాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే నేను 300 లోపు దొరికేది, ఎస్‌పీఎఫ్ 50, మూడు ప్లస్సులు, కొద్దిగా రంగున్నది తీసుకున్నాను. చేతికి దయ ఉండేలా పూయగలిగినదే మంచి సన్‌స్క్రీన్.

సీరం సంగతి. నయాసినమైడ్ మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతమే. 10 శాతం అని పెద్దక్షరాల్లో వేస్తే ఎక్కువ పని చేస్తుందని కాదు, సున్నిత చర్మానికి చురుక్కుమనొచ్చు. ఇది ఖరీదైన పదార్థమూ కాదు. మొదట చెవి వెనక నాలుగు రోజులు పూసి చూడండి. రాత్రి నాలుగు చుక్కలు చాలు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చేతిలో ఒకదానికే డబ్బుంటే సన్‌స్క్రీనే కొనండి. నిమ్మరసం మాత్రం పూసుకుని ఎండలోకి పోకండి, కాలిన మచ్చలు పడతాయి.

లిస్టులో 1248 అయింది నా చేతిలో 560కి వచ్చింది. మా అమ్మాయి "అమ్మా, నువ్వు సీరం కొనడానికి కూడా చరిత్ర చదువుతావా" అని నవ్వింది. మూడు నెలలైంది. మంగు పోలేదు, అంచులు మాత్రం కాస్త పలచబడ్డాయి. మంట లేదు. నాకది చాలు.

నిన్న వడియాలు పెట్టడానికి డాబా మీదికి పోతూ అత్తమ్మ మెడకు, చేతులకు కూడా రెండు గీతలు పూశాను. "ముసల్దానికి ఎందుకే ఇవన్నీ" అంటూనే మెడ చాచింది. పూస్తున్నంతసేపూ నాకు కనిపించని ఆ కూలీ ఆమె మెడే కళ్ళ ముందు ఉంది. ఆమెకు కావలసింది పూత కాదు, గిన్నెడు పప్పు. మనం ముఖానికి పూసుకునే ముందు, ఇంట్లో పనికి వచ్చే మనిషి పొద్దున ఏం తిని వచ్చిందో ఒకసారి అడుగుదాం.