అప్పనంగా వచ్చిన వేడి

2022 జనవరి 4న ఒంగోలు నుంచి నాన్న ఫోను. వర్జీనియాలో హైవే మీద మంచులో ఇరుక్కుపోయిన కార్లని టీవీలో చూపిస్తున్నార్ట. "బండిలో పెట్రోలు ఫుల్లుగా కొట్టించావా?" అన్నది మొదటి ప్రశ్న.

"మనది కరెంటు బండి కదా నాన్నా" అన్నాను.

కాసేపు మాట లేదు. "అయితే హీటరు దేనిమీద నడుస్తుందిరా?"

మేం ఇంట్లోనే భద్రంగా ఉన్నాం లెండి. ఇరుక్కున్నది ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర, ఐ-95 మీద. ముందు వాన పడటంతో రోడ్డు మీద ఉప్పు చల్లలేదు, చల్లినా కొట్టుకుపోతుందని. తర్వాత మంచు కుమ్మేసింది, ట్రక్కులు అడ్డం తిరిగాయి, దాదాపు 40 మైళ్ళ పొడవునా జనం రాత్రంతా కార్లలోనే. సెనేటర్ టిమ్ కేన్‌కి రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్ చేరటానికి 27 గంటలు పట్టింది, మామూలుగా అది రెండు గంటల దారి. అదృష్టం కొద్దీ ఎవరూ పోలేదు. వెంటనే వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వ్యాసం వచ్చింది: అవన్నీ కరెంటు కార్లే అయ్యుంటే ఏమయ్యేది అని. మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గరా అదే గోల. ఒకాయనైతే నన్ను చూసి "పాపం" అన్నాడు కూడా :)

నాన్న ప్రశ్నకి సరైన జవాబు కావాలంటే వందేళ్ళు వెనక్కి పోవాలి.

మొదట్లో ఏ కారులోనూ హీటరు లేదు. కాళ్ళ మీద మందపాటి దుప్పటి, పాదాల కింద బొగ్గు ఇటుక పెట్టిన రేకు పెట్టె. మన కుంపటికి మూత పెట్టి పైన తివాచీ చుట్టినట్టన్న మాట. అమెరికాలో క్లార్క్ హీటర్లని అమ్మేవాళ్ళు వీటిని, ముందు గుర్రబ్బళ్ళకి, తర్వాత కార్లకి. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది కరెంటు కారు, 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్. నాలుగు పక్కలా అద్దాలున్న బండి కాబట్టి గాలి కొట్టేది కాదు, చలికాలంలో అదే పెద్ద సుఖం.

తర్వాత పెట్రోలు ఇంజను గెలిచింది, దాంతోపాటే ఉచితంగా వేడి వచ్చింది. పోసిన పెట్రోల్లో పావు వంతో, ఇంకాస్త ఎక్కువో చక్రాలకి చేరుతుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. పోయేదాన్ని కాస్త లోపలికి మళ్ళించారు, అంతే. అన్నం వారిస్తే గంజి వచ్చినట్టు. గంజికి ఎవరైనా లెక్క రాసుకుంటారా? 1929 ప్రాంతంలో ఫోర్డ్ మోడల్ ఎ కార్లకి అమ్మిన హీటరు ఇంజను పొగగొట్టం మీదుగా గాలిని పట్టి లోపలికి వదిలేది. అతుకు ఎక్కడైనా వదులైతే వేడితో పాటు పొగా వచ్చేది. 1930ల్లో ఇంజను వేడినీళ్ళతో నడిచే హీటర్లు కుదురుకున్నాయి. 1938లో నాష్ కంపెనీ బయటిగాలిని వడకట్టి, వేడిచేసి లోపలికి పంపే ఏర్పాటు తెచ్చింది. అక్కణ్ణించి కారులో వెచ్చదనానికి ఖర్చుంటుందన్న సంగతే జనం మర్చిపోయారు.

కానీ ఆ గంజి నిజంగా ఉచితమేనా? 1978 ఫిబ్రవరి తుఫానులో బోస్టన్ చుట్టూ ఉన్న రూట్ 128 మీద 3 వేలకి పైగా కార్లు మంచులో కూరుకుపోయాయి. 14 మంది కార్లలోనే చనిపోయారు, చలికి కాదు, కార్బన్ మోనాక్సైడుతో. మంచు సైలెన్సరు గొట్టాన్ని మూసేస్తుంది, ఇంజను నడుస్తూనే ఉంటుంది, పొగ లోపలికి ఎక్కుతుంది. దానికి వాసన లేదు, నిద్రొస్తున్నట్టుంటుందంతే. మా ఆఫీసులో ఆ చర్చ జరుగుతున్న వారంలోనే, జనవరి 7 రాత్రి, పాకిస్తాన్‌లోని మర్రీ కొండల్లో మంచు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కార్లలో చిక్కుకుపోయారు. కనీసం 22 మంది పోయారు, వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. కొందరిని చలి చంపితే కొందరిని ఈ విషవాయువే చంపిందన్నారు. మా లంచ్ టేబుల్ దగ్గర దీని గురించి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, నాకూ అప్పటికి తెలీదు.

కరెంటు కారు ప్రెషర్ కుక్కరు లాంటిది, గంజి రాదు. మోటారు వృథా చేసేది చాలా తక్కువ, అందుకే వేడిని బాటరీ లోంచి కొనాలి. ఇంజనీర్లు దీంతో పడిన పాట్లు భలే ఉంటాయి. 1996లో జనరల్ మోటార్స్ ఈవీ1లో హీటు పంపు పెట్టారు, అంటే తిరగేసిన ఫ్రిజ్జు. మరుసటేడు అదే కంపెనీ కరెంటు ట్రక్కు ఎస్-10లో హీటు పంపు చాలక డీజిలు హీటరు తగిలించారు! 2011లో వోల్వో తన సీ30 కరెంటు కారులో ఇథనాల్‌తో మండే హీటరు పెట్టింది. మొదటి నిస్సాన్ లీఫ్‌లో ఉన్నది 24 యూనిట్ల బాటరీ, వేడికి మామూలు హీటరే. 2012 మోడల్ నుంచి అమెరికాలో సీటునీ స్టీరింగునీ వేడిచేసే తీగలు అన్నిటికీ ఇచ్చారు. గదంతా కాకుండా మనిషినే వెచ్చబెట్టటం, క్లార్క్ కుంపటి సూత్రమే. 2019లో టెస్లా రాత్రంతా కారులో పడుకునేవాళ్ళ కోసం క్యాంప్ మోడ్ అని సాఫ్ట్‌వేర్లోనే ఇచ్చేసింది.

ఇక లెక్క. సున్నా డిగ్రీల దగ్గర ఆగి ఉన్న కారుని వెచ్చగా ఉంచటానికి గంటకి సుమారు 1 నుంచి 2 యూనిట్లు. 75 యూనిట్ల బాటరీ సగముంటే 18 నుంచి 37 గంటలు. సీటు తీగలకైతే వంద వాట్ల లోపే, దుప్పటి ఉంటే ఇంకా సాగుతుంది. పెట్రోలు కారు ఊరికే నిలబడి నడిస్తే గంటకి ఓ లీటరు తాగుతుందనుకోండి, సగం ట్యాంకు అంటే పాతిక గంటలు. ఇంచుమించు సమానం. తేడా ఏంటంటే ఒక లీటరు పెట్రోల్లో 9 యూనిట్ల దాకా శక్తి ఉంటుంది, ఒకటీ రెండూ వాడుకోటానికి అంతా తగలబెడుతున్నాం.

అలాగని మా బండిని నెత్తినెత్తుకోను. మైనస్ 20లో హీటు పంపు నీరసపడుతుంది, బాటరీ కూడా. పది శాతం ఛార్జితో ఇరుక్కుంటే డబ్బాలో కరెంటు తెచ్చి పోసేవాడు ఉండడు. పెట్రోలైతే ఎవరో ఒకరు తెస్తారు. ఈ ఒక్క విషయంలో మా లంచ్ టేబుల్ పెద్దమనిషి మాటే కరెక్టు.

నాన్నకి ఇదంతా ఫోన్లో చెప్పేసరికి ముప్పావుగంట పట్టింది. అంతా విని "సరే, డిక్కీలో బొంత ఉందా?" అన్నాడు. లేదు. అమ్మ కుట్టిన బొంత మేడ మీద బీరువాలో ఉంది. ఆ రాత్రే కిందకి తెచ్చి కారులో పడేశాను. మంచు పడుతుందంటే ముందురోజే 80 శాతం దాకా ఛార్జి చేసి ఉంచుతున్నాను.