గవాక్షం – చూడని కన్ను: బయటిగోడ గుండా గాలి నడిచిన చరిత్ర

వ్యాససంగ్రహం: గవాక్ష, వాతాయన, జాలక పదాలను నేటి నిఘంటువులు ‘కిటికీ’ అనే ఒక్క మాటతో ముగిస్తున్నాయి. ఆ మాటతో బయటికి చూడటమనే భావమే ముందుకు వచ్చి, గోడ గుండా గాలిని నడిపించే పని మరుగున పడుతోంది. వ్యాకరణం, కావ్యం, ఆలంపురం ఆలయాలు, పుదుచ్చేరిలోని గోల్కొండ్ భవనం ఆధారంగా ఆ పనిని గుర్తించే ప్రయత్నం ఈ వ్యాసం.

కీలకపదాలు: గవాక్షం, వాతాయనం, జాలకం, ఆలంపురం, మండువా, గోల్కొండ్, లూవర్లు.

ఉపోద్ఘాతం

గవాక్షం అనగానే కావ్యపాఠకునికి స్ఫురించేవి స్త్రీల ముఖాలు. బుద్ధచరితం మూడవ సర్గలో సిద్ధార్థుడు రాజవీధిలో వెడలినప్పుడు, రఘువంశం ఏడవ సర్గలో అజుడు ఇందుమతితో కలిసి పురప్రవేశం చేసినప్పుడు నగరస్త్రీలు చేతిలోని పని విడిచి గవాక్షాల దగ్గరకు పరుగెత్తుతారు. అశ్వఘోషుని నుంచి కాళిదాసుకు, అక్కడి నుంచి అనంతర కావ్యపరంపరకు వచ్చిన ఈ ఘట్టం గవాక్షాన్ని చూపుకు నెలవుగా స్థిరపరిచింది. తరగతిలో మనం చెప్పే ప్రతిపదార్థంలోనూ ఆ అర్థమే నిలిచింది.

వ్యాకరణం మరొక మాట చెబుతుంది. అక్షి శబ్దం చూసే ఇంద్రియాన్ని కాక వేరొకదాన్ని చెప్పేటప్పుడే సమాసం చివర ‘అక్ష’ రూపం పొందుతుందని అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం నాలుగవ పాదంలో పాణిని విధించాడు. దీనికి సిద్ధాంతకౌముదిలో భట్టోజి దీక్షితుడు చూపిన ఉదాహరణ గవాక్షమే. నిజమైన కన్నయితే ‘అక్షి’గానే మిగలాలి. అంటే గవాక్షం ఆకారంలో ఆవుకన్ను, పనిలో మాత్రం కన్ను కాదు. సూత్రం ప్రయోజనం రూపసిద్ధి మాత్రమే. పాణిని వాస్తువును గురించి మాట్లాడుతున్నాడనడం అతి అవుతుంది. అయినా అమరకోశం పురవర్గంలో గవాక్షానికి పక్కనే వాతాయన పదాన్ని పర్యాయంగా నిలపడం గమనార్హం. వాతానికి అయనం, గాలికి దారి. ఇంగ్లీషు ‘విండో’కు మూలమైన ప్రాచీన నార్స్ పదానికీ ‘గాలి కన్ను’ అనే అర్థం. దూరదూరాన ఉన్న రెండు భాషాసమాజాలు గోడలోని రంధ్రానికి కన్ను రూపాన్ని, గాలి పనిని ఇవ్వడం ఆసక్తికరం.

మనం నేడు వాడే ‘కిటికీ’ హిందుస్తానీ ‘ఖిడ్కీ’కి చుట్టం. దాని వెనుకనున్న పూర్వపదానికి పక్కవాకిలి, చిన్నతలుపు అని అర్థం. తమిళుల ‘జన్నల్’ పోర్చుగీసు నుంచి వచ్చింది. వాడుకలో స్థిరపడిన ఈ రెండు మాటల్లోనూ గాలి ప్రసక్తి లేదు.

కావ్యంలో గాలి రాకపోకలు

మేఘదూతం ఈ విషయంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. పూర్వమేఘంలో ఉజ్జయిని స్త్రీలు కేశాలకు వేసుకొనే ధూపం జాలకాల నుంచి బయటికి వెలువడి మేఘుని శరీరాన్ని పుష్టిపరుస్తుంది. ఉత్తరమేఘంలో గాలి తోడుకొని వచ్చిన మేఘాలు అలకాపురి మేడల పై అంతస్తుల్లో చొరబడి, గోడచిత్రాలను నీటిబొట్లతో పాడుచేసి, నేరం చేసినవారిలా పొగరూపం దాల్చి జాలకాల గుండా జారిపోతాయి. వ్యాఖ్యాతల దృష్టి చమత్కారం మీద, ఉత్ప్రేక్ష మీద నిలిచింది. చమత్కారానికి ఆధారమైన అనుభవం మాత్రం కట్టడానికి సంబంధించినది: లోపలి పొగ వెలుపలికి పోతుంది, వెలుపలి తేమ లోపలికి వస్తుంది, వచ్చినది మరొక దారిన పోతుంది. ఇది గృహస్థునికి తెలిసిన సంగతి కనుకనే కవి దాన్ని వివరించనక్కర లేకపోయింది.

గాలి ప్రసరణకు కీలకమూ ఇదే. గాలి తాకే వైపు ఒత్తిడి ఎక్కువగా, ఎదుటి వైపు తక్కువగా ఉంటుంది. ఒకవైపు రంధ్రం చేసి రెండోవైపు మూసిన గదిలోకి గాలి నిజంగా ప్రవేశించదు, గుమ్మం దగ్గరే ఆగుతుంది. సవాయి ప్రతాప్ సింగ్ 1799లో జైపూర్‌లో కట్టించిన హవామహల్‌ను వర్ణించేవారు 953 కిటికీల లెక్క చెప్పి ఆగిపోతారు. పై మూడు అంతస్తులూ ఒక్క గది లోతు మాత్రమే ఉండటం అంతకన్న ముఖ్యం. ముందు జాలీలోంచి వచ్చిన గాలి వెనుకకు చేరడానికి అక్కడ అడ్డమేమీ లేదు.

రంధ్రం లేని గవాక్షం, పేరు మారిన రంధ్రం

ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండలో తొలిచిన వృత్తాకార చైత్యం క్రీస్తుపూర్వపుది. దాని కప్పులో కొయ్యవాసాలను రాతిలో అనుకరించారు, ద్వారం మీద గుర్రపునాడా ఆకారపు కమాను మలిచారు. కార్లే వంటి పెద్ద చైత్యాల్లో ఇదే ఆకారం వెలుగు, గాలి వచ్చే బృహద్గవాక్షమైంది. తరువాతి శతాబ్దాల్లో ఆలయ శిఖరాల మీద, కపోతాల మీద అది వరుసలు వరుసలుగా చిన్నదై, ‘కూడు’ అనే అలంకారంగా మిగిలింది. శిల్పచరిత్రకారులు దాన్నీ గవాక్షమనే పిలుస్తారు. పేరు ఉంది, ఆకారం ఉంది, రంధ్రం లేదు.

అసలు రంధ్రాన్ని చూడాలంటే ఆలంపురం వెళ్ళాలి. తుంగభద్ర ఎడమ ఒడ్డున బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయాల్లో స్వర్గబ్రహ్మాలయం వినయాదిత్యుని కాలానిది (681–696). ఈ ఆలయాల్లో గర్భగృహం చుట్టూ ప్రదక్షిణాపథం, దాన్ని చుట్టి బయటిగోడ ఉంటాయి. గర్భగృహానికి కిటికీ లేదు, ఉండకూడదు. ప్రదక్షిణాపథానికి మాత్రం బయటిగోడలో రాతిపలకను తొలిచిన జాలకాలు ఉన్నాయి. వాటి లతలు, జ్యామితీయాకృతులు చాలా ఫొటోల్లో కనిపిస్తాయి. రెండు రాతిగోడల నడుమ ఇరుకుదారిలో నూనెదీపాల పొగ, జనం ఊపిరి, రాయి వదిలే వేడి ఎక్కడికి పోవాలన్న ప్రశ్న వేసుకొని చూస్తే ఆ శిల్పం మరోలా కనబడుతుంది. జాలకం ఒకటి కాదు. గోడలు తిరిగినచోటల్లా ఉండటం వల్ల గాలి ఏ దిక్కు నుంచి వీచినా రావడానికి ఒకటి, పోవడానికి మరొకటి దొరుకుతాయి. ఇది కట్టడాన్ని బట్టి చేసిన ఊహే, శాసనప్రమాణం కాదు.

ఇంటి సంగతి

బయటిగోడ తెలుగు ఇంటికి ఎప్పుడూ ఇంత ఉదారంగా లేదు. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో వీధిగోడకు చిన్న కిటికీలే. గాలీ వెలుగూ నడుమ తెరిచి ఉన్న మండువా నుంచి వస్తాయి. పూరింట్లో కిటికీ అసలు ఉండకపోవచ్చు. మట్టిగోడకూ తాటాకు కప్పుకూ మధ్య చూరు కింద మిగిలిన సందే వాతాయనం. కావ్యాల్లోని గవాక్షం రాజప్రాసాదానిది. కిటికీల చరిత్రను సాహిత్యాధారాలతోనే రాస్తే పూరింటి సందు ఆ చరిత్రలోకి రాదు.

వలస పాలన కాలంలో గాలికి కొత్త అర్థం వచ్చింది. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యస్థితిపై 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఫ్లారెన్స్ నైటింగేల్ పరిశీలనలు అందులో భాగమే. చెడిన గాలే రోగమన్న నమ్మకంతో బారకాసుల్లో ఒక్కో మనిషికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో లెక్కగట్టారు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు అదే నమ్మకం పేదల ఇళ్ళ కప్పులకు రంధ్రాలు కొట్టించింది. బారకాసులో గాలి హక్కు, చాలులో గాలి శిక్ష. పైకప్పు కింద చిన్న వెంటిలేటర్ పెట్టే అలవాటు సర్కారు బంగళాల నుంచి మన మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. ఆ మాట ఈనాడు ఆసుపత్రి యంత్రాన్నే ఎక్కువగా గుర్తుచేస్తోంది.

గోల్కొండ్: గోడే వాతాయనం

పుదుచ్చేరి శ్రీఅరవిందాశ్రమంలోని గోల్కొండ్ వసతిగృహం పేరులోనే తెలుగునేల ఉంది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా అందిన లక్ష రూపాయల విరాళానికి గుర్తుగా గోల్కొండ పేరును ఫ్రెంచి రూపంలో పెట్టారు. రూపకర్త ఆంటొనిన్ రేమండ్ బొహీమియాలో పుట్టి, ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో టోక్యో ఇంపీరియల్ హోటల్ పనికి వెళ్ళి జపానులో స్థిరపడినవాడు. ఆశ్రమవాసియైన ఇంజనీరు పవిత్ర ఆయనను జపానులోనే ఎరుగును. స్థలంలో పని చూసిన జార్జి నకషిమా తరువాత అమెరికాలో కొయ్యపనికి ప్రసిద్ధుడయ్యాడు. ఇక్కడ ఉండగా జీతం వదులుకొని ఆశ్రమంలో చేరి సుందరానంద అనే పేరు పొందాడు. 1930ల చివర మొదలైన పని యుద్ధకాలంలోనూ సాగింది.

భవనం తూర్పుపడమరలుగా సాగిన పొడవైన మూడంతస్తుల కాంక్రీటు కట్టడం. ఉత్తర దక్షిణ ముఖాల్లో మనం గోడ అనుకొనేది లేదు. నేల నుంచి పైకప్పు దాకా ఆస్బెస్టాస్ సిమెంటు లూవర్లు (తిప్పగలిగే అడ్డపలకలు) ఉన్నాయి. ఎండను ఆపాలంటే వాల్చవచ్చు, వానకు మూయవచ్చు, గాలికి తెరవవచ్చు. కిటికీలకు అద్దం వాడలేదు. ఉత్తరాన నడవా, దక్షిణాన ఒక్క వరుస గదులు. మధ్యనున్న టేకు జారుడుతలుపులు కూడా పట్టీల మధ్య సందులు విడిచి చేసినవే. కనుక తలుపు మూసినా గాలి ఆగదు, ఏకాంతానికి భంగం లేదు. ఉత్తరాన నీడనిచ్చే పెద్దతోట, దక్షిణాన చిన్నతోట ఉండటం వల్ల రెండువైపులా గాలి ఉష్ణోగ్రతలో తేడా వచ్చి ప్రసరణకు తోడ్పడుతుంది. కప్పు మీద వంపుపెంకుల రెండో పొర ఎండను అడ్డుకొంటుంది.

ఈ కట్టడాన్ని భారతదేశానికి పాశ్చాత్య ఆధునికత ఇచ్చిన కానుకగా వర్ణించడం పరిపాటి. ఆ మాట సగమే నిజం. కాంక్రీటు అటునుంచి వచ్చిందే. అదే దశకంలో లె కార్బూజియే పారిస్‌లో కట్టిన సితె ద రెఫ్యూజ్ (1933) దక్షిణపు గోడంతా తెరవలేని అద్దంతో ఉండి, వేసవిలో లోపలివారిని ఉడికించింది. తరువాత దానికి తెరిచే కిటికీలు, ఎండ ఆపే పలకలు అమర్చవలసి వచ్చింది. ఆధునికత ఒక్కటే కారణమైతే రెండు భవనాలూ ఒకేలా ప్రవర్తించాలి. రేమండ్ జపాను ఇంట్లో చూసినది జారుడుతెరల పలుచని గోడ. పుదుచ్చేరిలో ఎదుర్కొన్నది బంగాళాఖాతపు తేమ. ఆయన ఆలంపురం జాలకాలను అనుసరించాడనడానికి ఆధారం లేదు, ఆ వాదన ఇక్కడ చేయడం లేదు. చెప్పదలచింది వేరు: తొలిచిన రాతిపలకా, తిప్పే సిమెంటు పలకా ఒకే ప్రశ్నకు జవాబులు. చూపును ఆపి గాలిని ఎలా పంపాలి? గోల్కొండ్ గదిలో కూర్చున్న సాధకునికి వీధి కనబడదు. పాణిని సూత్రం చెప్పిన కన్ను అదే.

కొలత, దారి

జాతీయ భవన నియమావళి గది నేల వైశాల్యంలో ఇంత వంతు కిటికీలు ఉండాలని చెబుతుంది: పొడి వేడి ప్రాంతంలో పదోవంతు, తేమ వేడి ప్రాంతంలో ఆరోవంతు. ఈ కొలతను పాటించి, రెండో దారి లేక ఉక్కపోసే గదులు అపార్ట్‌మెంట్లలో ఎన్నో. వైశాల్యం ఉంది, అయనం లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైదరాబాదు పడమటి దిక్కున లేచిన అద్దాల గోడల్లో చూపుకు అడ్డు లేదు, గాలికి ప్రవేశం లేదు. అవి పూర్తిగా చూసే కన్నులు. వాటిని గవాక్షాలనడానికి వ్యాకరణం ఒప్పుకోదు.

పదకోశాల పనిలో ఉన్నవారు గుర్తించవలసినది మరొకటి ఉంది. సిమెంటు జాలీ, చూరుసందు, వెంటిలేటర్, మండువా వంటి మాటలు తెలుగు ఇంట్లో గాలి దారులకు ఇంకా జీవించి ఉన్న పేర్లు. మేస్త్రీల నోట వీటికి ప్రాంతానికొక రూపం వినవస్తుంది. వృత్తిపదాల సేకరణలో ఇటుక, సున్నం, కొలతల మాటలతో పాటు వీటికీ చోటివ్వాలి, ప్రతి మాటకూ ఆ రంధ్రం గోడలో ఏ ఎత్తున, ఏ దిక్కున ఉంటుందో కూడా రాసుకోవాలి.