గిర్వి సనదులు

మాఫీ మన మాట. అరబ్బీ నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణుంచి తెలంగాణ పల్లెల నోళ్లలోకి వచ్చి తెలుగైపోయింది. రైతుకు రుణమాఫీ అన్నారు, చేనేతకు రుణమాఫీ అన్నారు. చదువుకునే పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ మాట పోయి ‘ఫీజు రీయింబర్స్‌మెంట్’ వచ్చింది. ముందు ఎవరో కట్టాలి, తర్వాత సర్కారు తిరిగివ్వాలి. ఆ ఎవరో ఎవరన్న దగ్గరే కొట్లాటంతా.

పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న 40 దళిత కుటుంబాలు వినోబా భావేని 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం పాఠం ఇంతవరకే చెప్తారు. పోలీస్ యాక్షన్ జరిగి అప్పటికి మూడేళ్లు నిండలేదని పక్కన రాయరు. ఈ మగ్గాల రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు పోయి ముసల్మానుల తలలకు చుట్టుకున్నాయనీ రాయరు. అమ్మకానికి ఇకత్ కావాలి, దాన్ని కట్టుకున్నవాడి ఊసెందుకు?

ఆ సభలో భూమి ఇచ్చినవాడికి పట్టా ఉంది. అడిగినవాళ్లకు లేదు. అరవై మూడేళ్ల తర్వాత చదువు దగ్గర అదే తేడా పైకొచ్చింది. 2014 జూలై 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 36తో ‘ఫాస్ట్’ పథకం తెచ్చింది. 1956 నవంబర్ 1కి ముందు నుంచీ ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే ఫీజు సాయం అంది. గురి ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ల మీద. కాని కాగితం ఎవరి దగ్గరుంటుంది? భూమి ఉన్నవాడికి పహాణీ ఉంటుంది. కిరాయి ఇంట్లో టైలరింగు చేసుకునే సాయిబుకు, మగ్గం వదిలి భివండి, షోలాపూర్ పోయి తిరిగొచ్చిన పద్మశాలికి ఏముంటుంది? ఉన్న పాత కాగితాల్లో తాత పేరు ఉర్దూలో ఉంటుంది. దాన్ని చదవగల గుమాస్తా ఆఫీసులో ఉండడు. ‘మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు’ అనే ప్రశ్న మనకు కొత్త కాదు. ఈసారి అప్లికేషన్ ఫారంలో అడిగారు, అంతే. హైకోర్టులో సవాళ్లు వచ్చాయి. 2015లో పథకాన్నే వెనక్కి తీసుకున్నారు.

సీటు దక్కడమూ కోర్టు మీదుగానే. 2004లో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను ఆ ఏడే హైకోర్టు కొట్టేసింది. 2005 చట్టానిదీ అదే గతి. 2007లో 14 వెనుకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతంతో బీసీ-ఇ పుట్టింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టి, అసలు వివాదాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది.

సీటు వచ్చినా సనదు చేతికి రావాలి గదా. సర్కారు బకాయి పెడితే కాలేజీ పిల్లవాడి ఒరిజినల్స్ పట్టుకుంటుంది. బాకీ సర్కారుది, గిర్వి పిల్లవాడిది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి చట్టం తెచ్చింది, అప్పు కింద మనిషి ఒళ్లు తాకట్టుపడుతోందని. ఇప్పుడు ఒళ్లు బదులు మార్కుల మెమో.

బ్యాంకుకు పొమ్మంటారు. అక్కడ సూద్ ఉంది. హరామని వెనక్కి తగ్గే అబ్బాజాన్ ఉంటాడు, కూతురి చదువు ఆపలేక సంతకం పెట్టే అబ్బాజానూ ఉంటాడు. ఇద్దరినీ నేను తప్పుపట్టను. విదేశాల్లో చదివే మైనారిటీ పిల్లల రుణాలపై, చదువు సాగినంత కాలం వడ్డీ భరించే ‘పఢో పర్‌దేశ్’ను కేంద్రం 2013-14లో పెట్టి, 2022-23 నుంచి ఎత్తేసింది. అమెరికాలో బైడెన్ ప్రభుత్వం తలపెట్టిన దాదాపు 40 వేల కోట్ల డాలర్ల విద్యార్థి రుణమాఫీని 2023 జూన్ 30న అక్కడి సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. ప్రభుత్వానికి అంత అధికారం చట్టం ఇవ్వలేదంది. అక్కడ మాఫీ అన్నారు కాబట్టి కోర్టు దాకా పోయింది. ఇక్కడ బిల్లు మంజూరు చేసి డబ్బు విడుదల చేయకపోతే చాలు, ఏ కోర్టూ కొట్టేయాల్సిన పని లేదు.

2025 నవంబర్‌లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూశాయి. కొంత ఇస్తామని సర్కారు ఒప్పుకున్నాక తెరిచాయి. ఆ చర్చల్లో యాజమాన్యాలు కూర్చున్నాయి, మంత్రులు కూర్చున్నారు. సనదు గిర్విలో ఉన్న పిల్లలకు అక్కడ కుర్చీ వేయలేదు.