ఎమ్మాపై తొలి తీర్పులు

1815 డిసెంబరు చివర లండనులో జాన్ మర్రే ప్రచురించిన ‘ఎమ్మా’ నవల, రచయిత్రి పేరు లేకయే, రాజప్రతినిధికి అంకితమై, మూడు సంపుటములుగా వెలువడినది. వాల్టర్ స్కాట్ అంతటివాడు, తన పేరు వెల్లడింపకయే, క్వార్టర్లీ రివ్యూలో దానిని దీర్ఘముగా సమీక్షించెను. అంతకంటె నాకు అమూల్యముగా దోచునది, బంధుమిత్రులు నవలను గూర్చి పలికిన మాటలను, మెచ్చుకోలని తెగడికయని ఏరక, రచయిత్రి జేన్ ఆస్టెన్ స్వహస్తముతో వ్రాసి పదిలపఱచిన పట్టిక.

ఇంటిలోనే మాట కలియలేదు. తల్లికిది జేన్ పూర్వ నవలలలో ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ను మించిన వినోదమైనను, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అంతగా రక్తి కట్టలేదు. అక్క కసాండ్రా తీర్పు సరిగా దానికి తలక్రిందులు. నావికుడైన అన్న ఫ్రాన్సిస్ దీని సహజత్వమునకు ముగ్ధుడై, ఆ రెంటికంటెను దీనికే పెద్దపీట వేసెను. తమ్ముడు చార్లెస్ ఓడప్రయాణమున ముమ్మారు చదివెను. మేనకోడలు ఫానీ, కథానాయకుడైన నైట్‌లీని మెచ్చినదిగాని, నాయిక ఎమ్మాను మాత్రము సహింపజాలకపోయెను.

ఫానీ కినుకను నేను తప్పుపట్టను. బాక్స్ హిల్ విహారమున, నిరుపేదయు నిష్కపటియు నైన మిస్ బేట్స్‌ను ఎమ్మా నలుగురిలో ఎగతాళి చేసిన ఘట్టము నేటికిని మనస్సును కలచివేయును. కాని ఆ తప్పిదమునకై ఆమె కుమిలి కన్నీరు పెట్టిన పుటలే నాకు నవల యంతటిలో మిక్కిలి ప్రియములు.

పట్టికలోని వారిలో ఒకరు మొదటి, చివరి అధ్యాయములతోనే సరిపెట్టిరి. మఱియొకరికి నవల ఎంత రుచింపలేదనగా, ఫానీ వారి అభిప్రాయమును అత్తకు పంపనే లేదు. ఆ సంగతిని సైతము జేన్ పట్టికలో చేర్చినది.