రాతిలో లేనిది

మాది నెల్లికుదురు. బళ్లో ఉండగా మా సార్లు పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లారు. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికల్ని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. అప్పుడు తట్టని ప్రశ్న ఒకటి, ముప్పై దాటాక బెంగళూరులో ఒక బాలే క్లాసు బయట కూర్చున్నప్పుడు తట్టింది. ఆ మదనిక ఆ భంగిమలోకి ఎలా వచ్చింది? అందులోంచి ఎటు కదిలింది?

క్లాసులో సగం సేపు పిల్లలు గోడవార కమ్మీ పట్టుకునే ఉన్నారు. దాన్ని బార్ అంటారు. మోకాళ్లు పక్కలకి తిప్పి నాలుగు లెక్కలకి కిందికి, నాలుగు లెక్కలకి పైకి. వేగంగా చేస్తే ఊపు తప్పుని దాచేస్తుంది. మెల్లగా చేస్తే మోకాలు లోపలికి వాలడం, నడుము వెనక్కి పోవడం, కమ్మీ మీద బరువు వెయ్యడం అన్నీ బయటపడతాయి. కోడ్‌లో తప్పు దొరక్కపోతే మేమూ ఒక్కో లైను దగ్గర ఆగి చూస్తాం కదా, అలాగన్నమాట.

ఫ్రాన్సులో 14వ లూయీ 1661లో నాట్య అకాడమీ పెట్టాడు. 1700లో ఫ్యోయే అడుగుల్ని గీతల్లో రాసే పద్ధతి అచ్చు వేశాడు. అయినా బాలే ఒక్క కాగితం మీదే బతకలేదు. చెకెట్టి లాంటి గురువులు వారంలో ఏ రోజు ఏ సాధన చెయ్యాలో ఖాయం చేశారు. ఆ సాధన ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి వెళ్లింది.

మన కూచిపూడికి కమ్మీ లేదు కానీ, అరమండి ఉంది, మూడు కాలాలున్నాయి. మొదటి కాలంలో నిలబడని అడుగు మూడో కాలంలో అస్సలు నిలబడదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించింది 1213లో. గణపతిదేవుడి గజసేనాని జాయప సంస్కృతంలో నృత్తరత్నావళి రాసింది 1253–54లో. అందులో ఎనిమిది అధ్యాయాలు: నాలుగు మార్గానికి, నాలుగు దేశికి. 1323లో ఓరుగల్లు పడిపోయింది. రాయి మిగిలింది, పుస్తకం మిగిలింది. రాయి భంగిమనిస్తుంది, పుస్తకం లక్షణం చెబుతుంది. ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ మధ్య దారి మాత్రం రెంటిలోనూ లేదు.

ఆ రెండూ ఆధారంగా 20వ శతాబ్దంలో పేరిణిని మళ్లీ నిలబెట్టినవాడు నటరాజ రామకృష్ణ (1923–2011). శిల్పాలు లేచి ఆడాయని మనం మురిసిపోతాం. నాకా మాట సగం నిజంగానే అనిపిస్తుంది. ఖాళీలు పూరించింది రాయి కాదు, అప్పటికే అడుగు తెలిసిన ఒళ్లు. ఆయనే గుళ్లలో, కొలువుల్లో ఆడిన వయసు మళ్లిన కళావంతుల దగ్గరికి వెళ్లి, వాళ్ల నాట్యాన్ని ఆంధ్రనాట్యం పేరుతో కూర్చాడు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణని నిషేధించింది. ఆ చట్టానికి కారణాలున్నాయి. కానీ దోపిడీతో పాటు, చిన్నప్పట్నుంచీ మెల్లగా చేసిన సాధన కూడా ఆ ఇళ్లల్లో ఆగిపోయింది. కొందరైనా బతికుండగా ఒకాయన వెళ్లి అడిగాడు కాబట్టి కొంత మిగిలింది.

2021లో రామప్పకి యునెస్కో గుర్తింపు వచ్చింది. రాయికి కాపలా ఉంది. పొద్దున్నే మొదటి కాలంలో అడుగు వేసే పిల్లలకీ, వాళ్ల మోకాలు చూసి సరిదిద్దే గురువుకీ ఏముంది? ఈసారి ఊరెళ్లినప్పుడు మదనికల్ని మళ్లీ చూస్తాను. అంతకన్నా ముందు, దగ్గర్లో పేరిణి నేర్పేవాళ్లెవరైనా ఉన్నారేమో వాకబు చేస్తాను.