ఆజ్ఞా? బొమ్మా?

1997లో, జంషెడ్‌పూర్ ఇంకా బీహార్‌లో ఉన్న రోజుల్లో, సాక్చీలోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో డాస్ నేర్చుకుంటూ నేనొక ఘనకార్యం చేశాను. నా ఫ్లాపీలో ఉన్నాననుకుని 'డెల్ *.డాక్' అని కొట్టి ఎంటర్ నొక్కాను. తీరా చూస్తే ఉన్నది హార్డ్‌డిస్కులో! తోటి విద్యార్థులు టైపు చేసుకున్న ఉత్తరాలన్నీ మాయమయ్యాయి. 'డెల్ *.*' అని ఉంటే డాస్ ఒకసారి "నిజమేనా?" అని అడిగి ఉండేది. '*.డాక్' అంటే ఆ పాటి ప్రశ్న కూడా ఉండదు.

మాస్టారు కంగారు పడకుండా 'అన్‌డిలీట్' అని కొట్టారు. 1991లో డాస్ 5తో వచ్చిన ఆజ్ఞ అది. ఒక్కో ఫైలు పేరు చూపిస్తూ మొదటి అక్షరం చెప్పమంది. ఎందుకో తెలుసా? డాస్ ఫైలును నిజంగా చెరిపెయ్యదు. జాబితాలో ఆ పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి, డిస్కులో ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. అక్కడ మరొకటి రాసేవరకు పాత సమాచారం అలాగే ఉంటుంది. మా అదృష్టం కొద్దీ ఆ గదిలో ఎవరూ కొత్తగా ఏదీ భద్రపరచలేదు.

ఇంత ముక్తసరిగా మాట్లాడే పద్ధతి ఎక్కడిది? 1970 ప్రాంతాల్లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను రూపొందించినప్పుడు వారి ముందున్నది తెర కాదు, సెకనుకు పది అక్షరాలు కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపు. అందుకే ఆజ్ఞలు ఎల్‌ఎస్, సీపీ, ఎంవీ, ఆర్‌ఎమ్ అని రెండక్షరాలకు కుదించుకున్నాయి.

బొమ్మల దారి వేరు. 1981లో జిరాక్స్ స్టార్ తెర మీద కాగితాల, అరల బొమ్మలు పరిచింది. 1983లో యాపిల్ లీసా చెత్తబుట్టనూ చూపింది. అందులో పారేసినది మళ్ళీ తీసుకోవచ్చు. నా వంటివాడికి కావలసింది అదే! మధ్యే మార్గంగా 1986లో జాన్ సోషా రాసిన నార్టన్ కమాండర్ వచ్చింది. తెర మీద రెండు జాబితాలు పక్కపక్కన ఉంటాయి, ఎఫ్5 నొక్కితే ఈ పక్క ఫైలు ఆ పక్కకు నకలవుతుంది. ఎక్కడున్నామో కళ్ళెదుటే ఉంటుంది కనుక నా పొరపాటు దానిలో అంత సులువుగా జరిగేది కాదు.

అలాగని ఆజ్ఞలను తోసిపుచ్చకండి. పెళ్ళి ఫోటోలు రెండువేలున్నాయనుకోండి. తేదీల వారీగా పేర్లు మార్చాలంటే మౌస్‌తో పూట గడిచిపోతుంది, ఆజ్ఞతో ఒక్క వరుస చాలు. తుడిచే ముందు మాత్రం అదే '*.డాక్'ను 'డిర్' పక్కన రాసి, ఏవేవి పోతాయో చూసుకోండి. నేనిప్పటికీ అలాగే చేస్తాను.

మన లిపి సంగతి మరొకటి. డాస్‌లో పేరంటే ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు, చుక్క, మరో మూడు. జంషెడ్‌పూర్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడే మేము కూడా మా ఉత్తరాలకు 'ఉత్తరం1' అని ఇంగ్లీషు లిపిలోనే పేరు పెట్టుకునేవాళ్ళం. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు పేర్లకు దారి దొరికింది. లినక్స్‌లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంటుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి, ఒత్తుకూ గుణింతానికీ కూడా విడిగా లెక్కే. కాబట్టి మనకు మిగిలేవి 85. బొమ్మ మీద నొక్కేవారికి ఆ పేరు కొట్టే పనే ఉండదు. ఆజ్ఞలు రాసేవారు కీబోర్డును తెలుగులోకి మార్చి, మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ నొక్కితే, ఆ అక్షరంతో మరో ఫైలు లేనప్పుడు, మిగతా పేరు అదే పూరించుకుంటుంది.